పాడి ఇంటికి పెరటి తోట: మిరప, ఇతర కూరగాయల పెంపకం

(సంఘ సమావేశాలలో చదివి చర్చించుకొనుటకు సభ్యుల పాఠం)



పాల సంఘం పత్రికలో కూరగాయల పాఠం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కూరగాయల పెంపకానికి మంచి విత్తనం, నీరు, పశువుల ఎరువు కావాలి. ఈ మూడింటిలో విత్తనం కొనుక్కోవచ్చు, నీరు ఏదో విధంగా సమకూర్చుకోవచ్చు. పశువుల ఎరువు మాత్రం పాడి లేని ఇంటికి దొరకడం కష్టం. మన సభ్యుల ఇళ్ళలో అది రోజూ పోగవుతూనే వుంటుంది. ఎరువు చేతిలో వుండి కూడా కూర కోసం సంతకు పోవడం మనకు తగని పని.

దీనికి మరొక వైపు కూడా వున్నది. కూరగాయల మీద చల్లే పురుగుమందుకు, మన పశువుకు, మనం సంఘానికి పోసే పాలకు మధ్య సంబంధం వున్నది. ఆ సంగతి తెలియకుండా తోట వేయడం కంటే వేయకపోవడమే మేలు. కనుక తోట వేసే పద్ధతితోపాటు ఆ జాగ్రత్తలు కూడా ఈ పాఠంలో చెప్పుకుందాం.

పాల బిల్లు ఎక్కడికి పోతున్నది?

పదిహేను రోజులకొకసారి పాల బిల్లు చేతికి వస్తుంది. దాణా బాకీ, గేదె అప్పు వాయిదా పోగా మిగిలిన దానిలో కూరగాయలకు ఎంత పోతున్నదో లెక్క వ్రాసుకునే ఇళ్ళు తక్కువ. కనుక మొదటగా ఒక పని చేయండి. ఒక బిల్లు నుండి తరువాతి బిల్లు వరకు కూరగాయలకు, పచ్చిమిరపకాయలకు, కొత్తిమీరకు పెట్టిన ప్రతి రూపాయీ పాల పాసు పుస్తకం వెనుక పేజీలో వ్రాయండి. ఎన్ని లీటర్ల పాల డబ్బు ఆ దారిన పోయిందో మీకే తెలుస్తుంది.

డబ్బుకంటే పెద్ద విషయం ఆరోగ్యం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ప్రకారం పెద్దవారికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు అవసరం. ఐదుగురున్న ఇంటికి లెక్కవేస్తే రోజుకు దాదాపు 2 కిలోల కూరగాయలు. పచ్చడి మెతుకులతోనో, పలుచని పులుసుతోనో పూట గడిపే ఇంట్లో ఇందులో సగం కూడా అందదు.

2019–21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో వున్నట్లు తేలింది. మన సంఘాలకు వచ్చే పాలలో ఎక్కువ భాగం ఆ వయసు స్త్రీల చేతుల మీదుగా వచ్చేదే. తెల్లవారుజామున లేచి పేడ తీసి, పాలు పితికి, కేంద్రానికి మోసుకొచ్చి పోసే తల్లికి ఒంట్లో రక్తం లేకపోతే, ఆ ఇంటి పాడి ఎంతకాలం నిలుస్తుంది?

తోటకూర, మునగాకు, గోంగూర, పాలకూర వంటి ఆకుకూరలలో ఇనుము వున్నది. అది వంటబట్టడానికి సి విటమిను తోడు కావాలి. పచ్చిమిరపకాయలో సి విటమిను నిమ్మపండులో కంటే ఎక్కువ. అయితే ఎక్కువసేపు ఉడికిస్తే అది తగ్గిపోతుంది. కనుక ఆకుకూర పప్పు దించిన తరువాత నిమ్మరసం పిండుకోవడం, కొత్తిమీర, పచ్చిమిరప, టమాటలతో పచ్చిపచ్చడి నూరుకోవడం మంచిది. భోజనంతోపాటు టీ త్రాగడం మానాలి. టీ వలన ఇనుము సరిగా వంటబట్టదు.

స్థలం, నీరు

ఐదుగురున్న కుటుంబానికి కావలసిన కూరగాయలలో అధిక భాగం ఇంట్లోనే పండాలంటే సుమారు 5 సెంట్లు కావాలి. అంత స్థలం లేదని వెనుకాడనక్కరలేదు. 1 సెంటు అంటే 48 చదరపు గజాలకు కొంచెం పైన. అందులోనే ఆకుకూరలు, పచ్చిమిరప, నాలుగు వంగ మొక్కలు, పందిరి మీద ఒక సొర, ఒక బీర వస్తాయి. మొదటి ఏడాది 1 లేక 2 సెంట్లతో మొదలుపెట్టి, చేతనైనంతవరకే పెంచుకోవాలి.

రోజుకు ఆరు గంటలైనా ఎండ పడే చోటు ఎన్నుకోవాలి. చింత, వేప నీడలో మిరప కాయదు. మునగ, బొప్పాయి, కరివేపాకు, అరటి వంటి ఎత్తుగా పెరిగే వాటిని ఉత్తరం వైపు నాటితే తక్కిన మళ్ళకు నీడ అడ్డురాదు. కంచె మొదటి రోజునే కట్టాలి. కంచె లేని తోట మేకల పాలు. తీగ చిక్కుడు, కాకర, దొండ కంచె మీదికే ప్రాకిస్తే స్థలం కలిసివస్తుంది.

గేదెను కడిగిన నీరు, కుడితి తొట్టి కడిగిన నీరు కాలువ తీసి తోటకు మళ్ళించవచ్చు. పాల క్యానును మొదటిసారి తొలిచిన నీరు మొక్కల మొదళ్ళకు పోయవచ్చు. సబ్బు, చాకలిసోడా, బ్లీచింగు పౌడరు కలిసిన నీరు మాత్రం కూరగాయల మళ్ళకు పోనీయరాదు. వేసవిలో నీటి ఎద్దడి వున్నచోట, సన్నటి మూతిగల మట్టికుండను మెడవరకు పాతిపెట్టి చుట్టూ నాలుగు మొక్కలు నాటాలి. కుండ నింపి మూతపెడితే తడి నిదానంగా వేళ్ళకు అందుతుంది. ఇందుకు రంగు వేయని, నీరు చెమర్చే కుండనే వాడాలి.

నీరు పోయడం, కలుపు తీయడం ఎవరి పనో ముందుగానే ఇంట్లో పంచుకోవాలి. పాలు పితికి, పేడ తీసి, వంట చేసే ఆమెకే ఈ పనిని కూడా తగిలిస్తే తోట రెండు నెలలలో ఎండిపోతుంది. ఆమె ఒంటికి బలం రావాలని వేసే తోట ఆమెకు బరువు కాకూడదు.

ఎరువు: లెక్క, తయారీ

పెద్ద పశువు రోజుకు 10 నుండి 15 కిలోల వరకు పేడ వేస్తుంది. సగం మేతకు పోయినచోటనే పడిపోయిందనుకున్నా, ఏడాదిలో ఇంటి దగ్గర రెండు టన్నుల దాకా పోగవుతుంది. అది మాగిన తరువాత సగానికి తగ్గినా, ఒక్క పశువు మీద సుమారు వెయ్యి కిలోల ఎరువు చేతికి వస్తుంది. కూరగాయలకు ఎకరానికి 10 టన్నుల చొప్పున లెక్కవేస్తే 2 సెంట్లకు పంటకు 200 కిలోలు చాలు. ఏడాదిలో మూడు పంటలు తీసినా 600 కిలోలే. మిగిలినది పొలానికి పోతుంది.

బాగా మాగిన పశువుల ఎరువులో నూటికి 0.5 పాలు నత్రజని, 0.2 పాలు భాస్వరం, 0.5 పాలు పొటాష్ వుంటాయి. అనగా 200 కిలోలలో సుమారు 1 కిలో నత్రజని. అది అంతా మొదటి పంటకే అందదు, కొంత తరువాతి పంటకు మిగులుతుంది. ఏటా ఎరువు వేసే నేల ఏటేటా గుల్లబారి బాగుపడేది ఇందువల్లనే.

పశువు మూత్రంలో నత్రజని, పొటాష్ ఎక్కువ. మనం ఎక్కువగా పోగొట్టుకునేది కూడా దానినే. కొట్టంలో ఎండుగడ్డి తుక్కు, చెరకు ఆకు, ఎండుటాకులు పరచి, తడిసిన దానిని పేడతోపాటు గుంటలో వేయాలి. గుంట 3 అడుగుల లోతు, 5 అడుగుల వెడల్పు వుంటే చాలు. నిండిన తరువాత పైన మట్టి కప్పి, పేడతో అలకాలి. ఎండ, వాన తగలకుండా మూడు నాలుగు నెలలు మాగనివ్వాలి. నల్లగా, పొడిపొడిగా, పేడ వాసన లేకుండా వుంటే ఎరువు సిద్ధమైనట్లే.

పచ్చి పేడను మళ్ళలో వేయరాదు. అందులో వేరుపురుగులు, చెదలు చేరతాయి, గడ్డి విత్తనాలు మొలుస్తాయి, లేత వేళ్ళు వేడికి మాడిపోతాయి. అంతేకాక పచ్చి పేడలోని రోగక్రిములు కొత్తిమీర, పాలకూర, ముల్లంగి వంటి నేలను అంటి పెరిగే వాటి మీదికి చేరతాయి. పచ్చి పేడ వేసిన నేలలో అటువంటి కూర కోయడానికి కనీసం నాలుగు నెలలు ఆగాలి. గోబర్ గ్యాసు వున్న సభ్యులు గ్యాసు తీసిన మడ్డిని ఆరబెట్టి, మాగిన ఎరువుతో కలిపి వాడుకోవచ్చు.

ఏ కాలానికి ఏ కూర?

వానాకాలంలో (జూన్–జూలై): వంగ, మిరప, బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, పొట్ల, కాకర.

శీతాకాలంలో (అక్టోబరు–నవంబరు): టమాట, చిక్కుడు, క్యాబేజి, కాలిఫ్లవరు, ముల్లంగి, పాలకూర, మెంతికూర, కొత్తిమీర.

వేసవికి (జనవరి–ఫిబ్రవరి): బెండ, గోరుచిక్కుడు, దోస, సొర, తోటకూర.

తోటకూర, గోంగూర నీరుంటే సంవత్సరం పొడవునా వస్తాయి. తోటకూర నెల రోజులలో కోతకు వస్తుంది. విత్తనమంతా ఒకేసారి చల్లక, పదిహేను రోజులకొక చిన్న మడి చొప్పున చల్లితే ఇంట్లో ఆకుకూర లేని రోజు వుండదు. పాల బిల్లు వచ్చిన రోజున ఒక మడి చల్లుకోవడం గుర్తుకు సులభం.

ఒకే మడిలో వంగ తరువాత మిరప, మిరప తరువాత టమాట వేయరాదు. ఈ మూడూ ఒకే కుటుంబానివి, వాటి తెగుళ్ళు కూడా చాలావరకు ఒకటే. వాటి తరువాత చిక్కుడు జాతిగాని, ఆకుకూరగాని, తీగజాతిగాని వేయాలి.

మిరప పెంపకం

మిరప మన దేశపు పంట కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా అమెరికా ఖండం నుండి వచ్చింది. అంతకుముందు మన వంటలో కారం మిరియాలది. ఈనాడు మిరప లేని తెలుగు వంట లేదు. ఇంటి వాడకానికి పది పన్నెండు మొక్కలు చాలు.

రకాలు: గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం నుండి వచ్చిన జి-4 (భాగ్యలక్ష్మి) పచ్చికాయకు, ఎండుకాయకు కూడా పనికివస్తుంది. పూసా జ్వాల కాయలు పొడవుగా, ముడతలుగా వుంటాయి. కారం తక్కువగా వుండే బెంగుళూరు మిరపకు చల్లని వాతావరణం కావాలి. మన ప్రాంతంలో సెప్టెంబరులో నారు పోసి, అక్టోబరులో నాటితేనే కాస్తుంది. ఎండ ముదిరితే పూత రాలుతుంది.

నారు: 3 అడుగుల వెడల్పున, నేలకు అర అడుగు ఎత్తున మడి చేయాలి. మాగిన ఎరువు, సన్న ఇసుక కలిపి చదును చేయాలి. వేలెడు దూరంలో గీతలు గీసి, విత్తనాన్ని పలుచగా, అర అంగుళానికి మించని లోతున వేసి, ఎండుగడ్డి కప్పాలి. ఎనిమిది పది రోజులలో మొలక వస్తుంది. మొలక కనిపించగానే గడ్డి తీసివేయాలి. నారు ఒత్తుగా వున్నా, నీరు ఎక్కువైనా కాడ మొదట కుళ్ళి పడిపోతుంది. ఇది నారుకుళ్ళు తెగులు. పలుచగా విత్తడం, ఉదయంపూట మాత్రమే తగుమాత్రం తడపడం దీనికి మంచి నివారణ. కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడిని తడపాలి. నారుమడి మీద పలుచని నైలాను వల కప్పితే తెల్లదోమ వాలదు.

నాటడం: ఆరు వారాల నారును సాయంత్రంపూట, వేళ్ళకు మట్టితో సహా తీసి, 2 అడుగుల దూరంలో నాటాలి. మిరపకు మొదట నీరు నిలువరాదు. ఒక్క రోజు నిలిచినా మొక్క వడలిపోతుంది. కనుక బోదె మీద నాటి, కాలువలో నీరు పెట్టాలి.

నాటేవారు, నారు పీకేవారు ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చుట్ట, బీడీ త్రాగేవారికి, పొగాకు నమిలేవారికి ఇది మరీ ముఖ్యం. పొగాకులో వుండే మొజాయిక్ వైరసు చేతుల ద్వారానే మిరపకు, టమాటకు అంటుకుంటుంది. వెన్న తీసిన పాలలో చేతులు ముంచి నారు పట్టుకుంటే ఈ వైరసు వ్యాప్తి తగ్గుతుందని పరిశోధనలలో తేలింది. దీనికి ఒక గిన్నెడు పాలు చాలు.

కోత: నాటిన రెండు, రెండున్నర నెలలకు పచ్చికాయ కోతకు వస్తుంది. తొడిమతో సహా కోయాలి. కోసిన కొద్దీ కొత్త పూత వస్తుంది. విత్తనానికి ఆరోగ్యంగా వున్న మొక్క మీది బాగా పండిన కాయలను ఉంచి, నీడలో ఆరబెట్టాలి. మిరపలో పరపరాగ సంపర్కం కొంత జరుగుతుంది. కనుక బెంగుళూరు మిరప పక్కన వున్న కారపు మిరప విత్తనం నమ్మదగినది కాదు. హైబ్రిడ్ రకాల విత్తనం దాచుకున్నందువల్ల ప్రయోజనం లేదు.

పాడి ఇంటివారు గుర్తుంచుకోవలసినది ఒకటి వున్నది. మిరప కారం గింజలో కంటే గింజను పట్టి వుంచే తెల్లటి భాగంలో ఎక్కువ. ఆ కారం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాయలు కోసిన చేతులను ఉత్త నీళ్ళతో కడిగి పాలు పితికితే గేదె చన్నులు మండుతాయి, అది తన్నుతుంది, పాలు ఎగబెడుతుంది. చేతులకు నూనె రాసి, తరువాత సబ్బుతో కడుక్కొని కూర్చోవాలి. నోరు మండినప్పుడు నీళ్ళకంటే పెరుగు, మజ్జిగ నయం కావడానికి కూడా ఇదే కారణం.

పురుగులు, తెగుళ్ళు

ఆకులు పైకి ముడుచుకొని దోనెలా అయితే అది తామర పురుగుల పని. క్రిందికి ముడుచుకొని, తొడిమ పొడవుగా సాగితే అది నల్లి. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. కనుక ముందు ఆకు తిప్పి చూడడం నేర్చుకోవాలి. 2021–22 పంటకాలంలో ఆంధ్ర, తెలంగాణలలో మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పువ్వులో చేరి పూత రాలుస్తుంది. పూలను తెల్లకాగితం మీద దులిపితే కనిపిస్తుంది. తామర పురుగులకు నీలం రంగు, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు కట్టాలి. రంగు వేసిన రేకుకు ఆముదం పూసినా పనికివస్తుంది.

మిరప మడి చుట్టూ రెండు వరుసల మొక్కజొన్నగాని, జొన్నగాని ఒత్తుగా వేస్తే రసం పీల్చే పురుగులు లోపలికి రావడం తగ్గుతుంది. మొక్కజొన్న చొప్ప పశువుకు మేత అవుతుంది. జొన్నను మాత్రం పూతకు రాకముందు, ముఖ్యంగా నీటి ఎద్దడికి గిడసబారినప్పుడు, పశువుకు వేయరాదు. అందులోని విషం ప్రాణం తీస్తుంది.

వంగలో కొమ్మ వాలిపోతే లోపల తొలిచే పురుగు వున్నట్లు. ఆ కొమ్మను పురుగు వున్నచోటికి క్రిందుగా తుంచి కాల్చివేయాలి. బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారితే శంఖురోగం. ఆ మొక్కను పీకివేయాలి. పర్భణి క్రాంతి, అర్క అనామిక రకాలు ఈ రోగాన్ని కొంతవరకు తట్టుకుంటాయి. టమాట మడి గట్టున బంతి మొక్కలు నాటితే కాయతొలుచు పురుగు తల్లులు బంతి పూల మీద గుడ్లు పెడతాయి. ఆ పూలను ఎప్పటికప్పుడు కోసి నాశనం చేయాలి.

వేపగింజల కషాయం: ఎండిన వేపగింజల పప్పు అరకిలో దంచి, గుడ్డలో మూటగట్టి, నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం పిండి, వడకట్టి, మొత్తం 10 లీటర్లు చేసి, 10 గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంత్రంపూట చల్లాలి. తయారుచేసిన రోజే వాడాలి.

తీగజాతులలో ఆకు మీద బూడిద పూసినట్లు కనిపించే బూడిద తెగులుకు పాలు కూడా పనిచేస్తాయి. బ్రెజిల్ దేశపు శాస్త్రవేత్త బెట్టియోల్ 1999లో ప్రకటించిన ప్రయోగాలలో 1 వంతు పాలు, 9 వంతుల నీరు కలిపి వారానికొకసారి చల్లితే తెగులు అదుపులోకి వచ్చింది. పెరటిలోని రెండు పాదులకు ఒక గ్లాసు పాలు సరిపోతాయి.

మందు, మేత, పాలు

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇది. సభ్యులందరూ శ్రద్ధగా చదవాలి.

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసి వున్నట్లు పరీక్షలో తేలింది. మందు డబ్బాలో నూనె వుంచారన్నది విచారణలో బయటపడిన సంగతి. డబ్బా కడిగితే విషం పోతుందనుకోవడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుసుకోవాలి. పురుగుమందు డబ్బాను, మందు కలిపిన బకెట్టును పాలకుగాని, కుడితికిగాని, పశువు త్రాగే నీటికిగాని వాడరాదు. ఖాళీ డబ్బాను పొడిచి, చిల్లులు చేసి, ఇంటికి, బావికి దూరంగా పాతిపెట్టాలి. మందు సీసాలను వంటింటిలో, కొట్టంలో వుంచరాదు.

మందు చల్లిన చేలో పశువును మేపరాదు. ఆ గట్టు గడ్డి కోసి వేయరాదు. పశువు చొంగకార్చి, వణికి, కూలబడితే మందు తిన్నదని అనుమానించి, వెంటనే పశువైద్యుని పిలవాలి. మందు డబ్బా పైని చీటీ ఆయనకు చూపాలి.

పశువు తిన్నదంతా జీర్ణమై పోతుందనుకోవడం పొరపాటు. కొన్ని మందులు కొవ్వులో నిలిచి, పాల వెన్నలోకి దిగుతాయి. డి.డి.టి. వంటివి ఈ విధంగానే పాలలోకి వచ్చేవి. వ్యవసాయంలో దాని వాడకాన్ని మన దేశంలో 1989లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది. పాలు కాచినంతమాత్రాన ఇటువంటివి పోవు. వెన్న తీసి నెయ్యి చేస్తే నెయ్యిలోకి వస్తాయి. ఒక సభ్యుడు పోసిన పాలు కేంద్రంలో అందరి పాలతో కలుస్తాయి. కనుక ఒక ఇంటి అజాగ్రత్త సంఘం మొత్తానికి చెడ్డపేరు తెస్తుంది, ఎక్కడో పట్నంలో పాలు త్రాగే పసిబిడ్డకు హాని చేస్తుంది.

పెరటి తోటకు పొలం మందు తేవద్దని మేము గట్టిగా చెబుతున్నాము. పత్తికి, మిరప చేనుకు తెచ్చి మిగిలిన మందును వంగ మీద చల్లడం చాలాచోట్ల జరుగుతున్నది. రోజు విడిచి రోజు కోసే బెండ, వంగలకు మందు విరిగేదాకా ఆగే వ్యవధి వుండదు. తప్పనిసరి అయితే ఉద్యాన శాఖవారి సలహాతో ఆ కూరకు అనుమతించిన మందునే, చెప్పిన మోతాదులోనే వాడి, చీటీ మీద వ్రాసిన రోజులు గడిచేవరకు కూర కోయరాదు, ఆకు పశువుకు వేయరాదు. డబ్బా మీది త్రికోణం ఎరుపైతే అతి విషం, పసుపైతే ఎక్కువ విషం, నీలమైతే మధ్యరకం, ఆకుపచ్చ అయితే తక్కువ విషం. తక్కువ విషం కూడా విషమే. ఎరుపు త్రికోణం మందును పెరటిలో అడుగుపెట్టనీయరాదు.

తోటలోనిది పశువుకు వేయవచ్చునా?

మందు చల్లని తోటలోని మొక్కజొన్న చొప్ప, చిక్కుడు తీగ, ముదిరిన తోటకూర కాడలు, ముల్లంగి ఆకు, క్యాబేజి పై ఆకులు మేతలో కొంచెం కొంచెంగా కలిపి వేయవచ్చు. క్యాబేజి, ముల్లంగి, ఉల్లి వాసన పాలకు పట్టుకుంటుంది. కనుక పాలు పితికిన తరువాతనే వేయాలి, ముందు వేయరాదు. ఉల్లిపాయలు ఎక్కువగా తింటే పశువుకు రక్తం విరిగిపోతుంది. టమాట, వంగ, బంగాళాదుంప మొక్కలను, పచ్చబారిన దుంపలను పశువుకు వేయరాదు. వాటిలో విషపదార్థాలున్నాయి. బూజుపట్టిన మిరపకాయ, కుళ్ళిన కూర, బూజు వేరుసెనగ చెక్క ఏవీ తొట్టిలో వేయరాదు. కొన్ని రకాల బూజు విషం పాలలోకి కూడా వస్తుంది. పనికిరానిదంతా ఎరువు గుంటకు పోవాలి.

సంఘం చేయగల పనులు

ఒక్కొక్కరు విత్తన పొట్లం కొంటే ఖర్చు ఎక్కువ. సగం పొట్లం మిగిలి పాడవుతుంది. సంఘం తరపున కొని, చెంచా లెక్కన పంచుకోవచ్చు. మిరప, వంగ, టమాట నారును ఊరిలో ఒకరిద్దరు సభ్యులు పెంచి, తక్కినవారికి ఇవ్వవచ్చు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంవారిని, ఉద్యాన శాఖ అధికారిని ఒక సమావేశానికి పిలిపించవచ్చు. పాలు పోయడానికి వచ్చేటప్పుడు మిగిలిన కూర, విత్తనం ఒకరికొకరు మార్చుకోవచ్చు. స్థలం లేని సభ్యుల కోసం పాల కేంద్రం వెనుక ఖాళీ జాగాలో రెండు మళ్ళు వేయించే విషయం కూడా ఆలోచించాలి.

చివరగా ఒక మాట. పాలు సంఘానికి పోయడం మన జీవనోపాధి. కాని ఇంట్లో పిల్లలకు, గర్భిణికి, బాలింతకు ఒక గ్లాసు తీసి పక్కన పెట్టిన తరువాతనే క్యాను నింపాలి. కూర విషయంలోనూ అంతే. తోటలో మొదటి కోత ఇంటికి, మిగిలినదే సంతకు. ఇంట్లో చివరగా తినే ఆమె కంచంలో కూడా ఆకుకూర పడుతున్నదో లేదో చూడాలి. అది పడనంతవరకు తోట ఎంత పచ్చగా వున్నా ఫలితం లేదు.

చర్చకు ప్రశ్నలు

1. గత పదిహేను రోజులలో మీ ఇంట్లో కూరగాయలకు ఎంత ఖర్చయింది? అది ఎన్ని లీటర్ల పాల డబ్బు?

2. మీ కొట్టంలో పశువు మూత్రం ఎక్కడికి పోతున్నది? దానిని ఎరువు గుంటకు చేర్చే ఉపాయం ఏమిటి?

3. మిరప ఆకు పైకి ముడిచిందా, క్రిందికి ముడిచిందా అన్నది ఎందుకు చూడాలి?

4. మీ ఇంట్లో పురుగుమందు డబ్బాలు ఎక్కడ వున్నాయి? ఖాళీ డబ్బాలను ఏమి చేస్తున్నారు?

5. క్యాబేజి ఆకును పాలు పితికిన తరువాతనే ఎందుకు వేయాలి?

6. మీ తోటకు నీరు ఎవరు పోస్తారు? తోట కూర ఎవరు తింటారు?

కార్యదర్శులు ఈ పాఠాన్ని తరువాతి సమావేశంలో చదివించి, ఎంతమంది సభ్యులు కొత్తగా తోట వేశారో సంఘం పుస్తకంలో వ్రాసి వుంచవలసిందిగా కోరుతున్నాము.